చెవి ముందు, చెయ్యి వెనక: 58 ఏళ్లకి వీణ పట్టిన ఒక సిస్టర్ గారి కేసు

యాభై దాటాక వీణ నేర్చుకుంటామని వచ్చేవాళ్లు నా దగ్గర ఏటా ఉంటారు. ఎక్కువమంది దసరాకి మొదలుపెడతారు. మొదటి స్వర పాఠాలైన సరళీ వరసలు, జంట వరసలు ఓపిగ్గా వాయిస్తారు. తాళాల్లో కట్టిన స్వర వరసలు, అంటే అలంకారాల దగ్గరికి వచ్చేసరికి "ఈ వారం కుదర్లేదండీ" మొదలవుతుంది. మొదటి చిన్న పాట, గీతం, అందుకోకముందే మానేస్తారు. తర్వాత ఎప్పుడైనా బజార్లో కలిస్తే అందరూ దాదాపు ఒకే మాట చెబుతారు: "వయసైపోయిందండీ, వేళ్లు తిరగట్లేదు."

ఆ మాట నేను ఒప్పుకోను. చాలామంది మానేయడానికి అసలు కారణం వాళ్ల చెవి. ఎందుకలా అంటున్నానో చెప్పడానికి ఒకావిడ కేసు రాస్తున్నాను. ఆవిడ అనుమతి తీసుకున్నాను. పేరు, పనిచేసే చోటు ఇవ్వడం లేదు. వార్డులో అందరూ పిలిచినట్టే సిస్టర్ గారు అంటాను.

వచ్చినప్పటి పరిస్థితి

సిస్టర్ గారికి అప్పుడు 58 ఏళ్లు. ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సు, రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. షుగర్ చాలాకాలంగా ఉంది, మాత్రలతో అదుపులో ఉంటోంది. ఎడమ భుజం ఒకసారి పట్టేసింది. ఫిజియోథెరపీతో నొప్పి తగ్గింది గానీ చెయ్యి వెనక్కి పూర్తిగా తిరగదు. మోకాళ్ల వల్ల కింద బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. ఇవన్నీ ఆవిడే, కేస్ షీటు చదివినట్టు, మొదటిరోజే వరసగా చెప్పేశారు.

వీణ మీద చిన్నప్పటి నుంచీ ఆశ ఉందా అని అడిగాను. లేదన్నారు. ఇంట్లో వీణ ఉందట. కూతురు ఆరో క్లాసు నుంచి పదో క్లాసు దాకా నేర్చుకుంది. ఇంటర్లో చేరగానే ఎంసెట్ కోచింగు వచ్చిపడింది, వీణకి దుప్పటి కప్పి బీరువా పక్కన నిలబెట్టారు. ఇప్పుడా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది. "అమ్మేద్దామని అడిగితే సగం రేటు కూడా చెప్పలేదు టీచరు గారూ. పోనీ నేనే వాయిస్తే పోలా అనిపించింది" అన్నారు.

మొదలుపెట్టడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదని నా అభిప్రాయం. మధ్యవయసులో కొత్త వ్యాపకం కావాలనుకునేవాళ్లకి "మీలో దాగున్న అభిరుచి ఏమిటో కనుక్కోండి" అని అందరూ సలహా ఇస్తారు. పాపం వాళ్లు అది వెతుక్కుంటూనే ఏళ్లు గడిపేస్తారు. ఇరవై ఐదేళ్లు ఉద్యోగం, పిల్లలు, అత్తమామల మందులు చూసుకున్న మనిషికి "నాకేం ఇష్టం" అన్న ప్రశ్నకి జవాబు చటుక్కున రాదు. ఆ జవాబు లేకపోయినా పాఠం మొదలుపెట్టవచ్చు. నేను చూసినంతలో ఇష్టం చాలాసార్లు ఆరేడు నెలల సాధన తర్వాతే పుడుతుంది.

ఇంకో వివరం మాటల్లో బయటపడింది. కూతురు నేర్చుకున్న ఆ నాలుగైదేళ్లూ వారానికి రెండు సాయంత్రాలు సిస్టర్ గారు డ్యూటీ దిగి, పిల్లని తీసుకెళ్లి, ఆ టీచరు గారింటి అరుగు మీద కూర్చునేవారు. లోపల పాఠం, బయట ఈవిడ. అప్పుడప్పుడూ కునుకు కూడా తీసేవారట. అయినా సరళీ వరసలన్నీ ఆవిడకి నోటికొచ్చు.

మొదటి పరీక్ష

పెద్దవాళ్లు ఎవరొచ్చినా వెంటనే వీణ ముట్టుకోనివ్వను. ముందు ఏదో ఒకటి పాడమంటాను. సినిమా పాటైనా, లాలిపాటైనా పరవాలేదు. సిస్టర్ గారు కాసేపు మొహమాటపడి, "మా చర్చిలో పాడేది పాడొచ్చా?" అని అడిగి ఒక క్రైస్తవ కీర్తన అందుకున్నారు.

గొంతు కిందిస్థాయిలో ఉంది, ఊపిరి చరణం మధ్యలో ఆగిపోతోంది. కానీ శ్రుతి కదల్లేదు. పల్లవి అయ్యాక శ్రుతి పెట్టెని ఆవిడ గొంతుకి సరిచేసి పెట్టి మళ్లీ పాడమన్నాను. షడ్జం (స) మీద అతికినట్టు నిలబడ్డారు. నాకు వినబడింది చక్కటి మోహన. "ఇదేం రాగమో తెలుసా సిస్టర్ గారూ?" అంటే, "పుస్తకంలో పైన ఏదో అచ్చేసి ఉంటుంది, ఎప్పుడూ చూళ్లేదండీ" అన్నారు. తర్వాతి క్లాసుకి పుస్తకం తెచ్చారు. నిజంగానే కీర్తన తలమీద మోహన అని రాసి ఉంది, కింద తాళం పేరు కూడా ఉంది.

ఈ సంగతి హిందువులైన సంగీతం టీచర్లు చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో పాతవి చాలావరకు కర్ణాటక రాగతాళాల్లోనే కట్టినవి. మా ఉత్తరాంధ్రకి పక్కనే ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) రాసినవి ఇప్పటికీ ఆదివారం ఆదివారం పాడుతున్నారు. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ మన కీర్తనల పద్ధతే. కొన్నిచోట్ల పాడే వరస పుస్తకంలోని రాగం నుంచి పక్కకి జరిగిపోయింది, అది వేరే విషయం. సిస్టర్ గారు చిన్నప్పటి నుంచి వారంవారం ఇవే పాడుతున్నారు. ఇది కాక ఇంట్లో పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని మోగేదట. స్వరం పేరు ఒక్కటీ తెలియకుండానే ఆవిడ చెవి యాభై ఏళ్లు చదువుకుంది.

నోట్సులో ఆరోజు నేను రాసుకున్నది: చెవి, కృతులు నేర్చుకునే స్థాయి. చెయ్యి, సున్నా.

చిక్కు ఎక్కడుంది

ఎనిమిదేళ్ల పిల్ల వీణ మీటితే గరగరమన్నా ఆ పిల్లకి బాధ ఉండదు. అది బాగాలేదని తెలియడానికి సరిపడా సంగీతం ఆ పిల్ల ఇంకా వినలేదు. చెవి, చెయ్యి రెండూ కలిసి పెరుగుతాయి. పురందరదాసు (1484-1564) కూర్చాడని సంప్రదాయం చెప్పే సరళీ, జంట, అలంకారాలు, పిళ్లారి గీతాల వరస ఇలా ఎదిగే పిల్లలకి అద్భుతంగా సరిపోతుంది. 1919లో మహారాజా విజయరామ గజపతి కాలంలో మా విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్ చేసినప్పటి నుంచీ ఇక్కడ ఇంటింటా చెప్పేది ఆ వరసే. నేనూ దానిలోనే పెరిగాను, ఆ వరసంటే నాకు చాలా గౌరవం.

యాభై దాటినవాళ్లకి మాత్రం చెవి చాలా ముందుకి వెళ్లిపోయి ఉంటుంది. తను వాయించేది ఎంత బాగాలేదో వాళ్లకి అణువణువూ తెలుస్తుంది. రోజూ అరగంట తన చేత్తోనే తన చెవిని హింసపెట్టుకోవడం ఎవరివల్ల అవుతుంది? అందుకే ఫోన్లో మెసేజీలు పెట్టి మెల్లగా తప్పుకుంటారు. అడిగితే వేళ్ల మీదకి నెట్టేస్తారు.

సిస్టర్ గారికీ ఆ ఘట్టం వచ్చింది. సరళీ వరసలు రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, వాయిస్తున్నారు, తప్పులు పెద్దగా లేవు. ఒకరోజు సగంలో ఆపేసి వీణ మీద చెయ్యి పెట్టి, "అదేటి టీచరు గారూ, నేను వాయించేది నాకే వినబుద్ధెయ్యట్లేదు. పాప వాయిస్తే అరుగు మీదకి ఎంత బాగుండేదో" అన్నారు. ఈ మాట నోటితో అనేవాళ్లు తక్కువ. అన్నారు కాబట్టే దారి దొరికింది.

చేసిన మార్పు

పాఠం మొదటి ముప్పావు వంతు యథాతథంగా ఉంచాను. మాయామాళవగౌళ రాగంలో సరళీ, జంటలు, ఏమాత్రం తగ్గించలేదు. చివరి పావు వంతులో పుస్తకం మూసేసి, ఆవిడకి వచ్చిన మోహన కీర్తన పల్లవి మొదటి ముక్క పాడమన్నాను. ఒక్క ముక్కే. తర్వాత ఆ ముక్కని సారణి తీగ, అంటే పాట వాయించే ముఖ్య తీగ, మీద వెతుక్కోమన్నాను. నేను మెట్టు (దండి మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) చూపించను, స్వరం చెప్పను. ఇదే షరతు.

మోహన దీనికి భలే అనుకూలం. అయిదే స్వరాలు. తీగ వట్టిగా మీటితే షడ్జం, రెండో మెట్టు రిషభం, నాలుగు గాంధారం, ఏడు పంచమం, తొమ్మిది ధైవతం, పన్నెండు పై షడ్జం. సిస్టర్ గారు సరళీ వరసల అలవాటుతో ముందు ఒకటో మెట్టు నొక్కారు. వెంటనే మొహం చిట్లించి చెయ్యి తీసేశారు. రెండుకి జరిగారు. తల ఊపారు. గాంధారం కోసం మూడు నొక్కి, "కాదు" అని తనలో తనే అనుకుని, నాలుగుకి వెళ్లారు. మళ్లీ పాడి సరిచూసుకున్నారు. ఆ ఒక్క ముక్కకి క్లాసు అయిపోయింది. ఆవిడ వెళ్లేటప్పుడు టైము చూసుకోలేదు. నేను గమనించింది అదే.

ఈ పద్ధతిలో చెవి తిట్టే పెద్దమ్మలా కాకుండా దారి చూపే మనిషిగా మారుతుంది. తప్పు మెట్టు మీద పడ్డప్పుడు "బాగాలేదు" అన్న మాట ఆగిపోయి, "ఇంకొంచెం పైకి" అన్న మాట వస్తుంది. సరిగ్గా అదే చెవి, అదే పట్టుదల, ఇప్పుడు పనికొస్తోంది.

నాదం మొద్దుగా రావడానికి ఇంకో కారణం ఉంది. ఆవిడ మెట్టుకి దూరంగా, రెండు మెట్ల సందులో నొక్కుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా కళ్లతో చూసి నొక్కేవారు, వేలు జరిగేది. ఒకరోజు, "వార్డులో పిల్లలకి సూది వేసేటప్పుడు నరం కళ్లతో వెతుకుతారా, వేలితోనా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, కళ్లు మూసుకుని, వేలి కొసతో మెట్టు అంచు తడిమి తీగ నొక్కారు. నాదం ఖంగుమని విచ్చుకుంది. ఆ తర్వాత ఆ విషయం మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

కొందరు తోటి టీచర్లు ఇది అడ్డదారి అన్నారు. గీతం రాకుండా కీర్తన ఏమిటి అని. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. తెలిసిన పాటలే గీకుతూ కూర్చుని స్వరస్థానాలు గాలికొదిలేసినవాళ్లని నేనూ చూశాను. అందుకే ముప్పావు వంతు పాఠం మీద రాజీ పడకూడదంటాను. కష్టమైన భాగం తీసేసి సరదా భాగం మిగిల్చితే ఈ వయసులో వచ్చే లాభం కూడా పోతుంది. 2014లో డెనిస్ పార్క్ బృందం అమెరికాలో 60 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లతో చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరికి మూడు నెలల పాటు, వారానికి సుమారు 15 గంటలు, బొంతలు కుట్టడమో డిజిటల్ ఫొటోగ్రఫీయో కొత్తగా నేర్పారు. మరికొందరు ఊరికే కలిసి కబుర్లు, ఆటలతో గడిపారు. జ్ఞాపకశక్తి మెరుగుపడ్డది కొత్త విద్య నేర్చుకున్నవాళ్లలో. కష్టపడి నేర్చుకోవడంలోనే ఏదో ఉందన్నమాట. పెద్దవాళ్లని ముద్దుచేసి పాఠం పలచన చేయకూడదని నేను ముందునుంచీ నమ్ముతాను.

వీణ, ఒళ్లు

ఇంట్లో ఏళ్ల తరబడి నిలబెట్టిన వీణకి మేళం, అంటే మెట్ల అమరిక, పాడైంది. మెట్లని పట్టుకుని ఉండే మైనం, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి చేస్తారు, బీటలువారి రెండు మెట్లు కదిలిపోయాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లకి పంపి కొత్తగా మేళం కట్టించాం. ఇది తప్పకుండా చేయించాలి. ఇంట్లో పడున్న పాత వాయిద్యంతో మొదలుపెట్టే పెద్దవాళ్లు, మెట్టు తప్పిన వీణ మీద తంటాలుపడి లోపం తమదేననుకుంటారు. చెవి గట్టిగా ఉన్నవాళ్లకి ఇది ఇంకా నరకం.

కూర్చోవడానికి ఎత్తు తక్కువ బల్ల వేశాం, వీణ బుర్రని పక్కనే ఇంకో పీట మీద ఆనించాం. ఎడమ మోచెయ్యి దండి కిందనుంచి వచ్చేటప్పుడు భుజం మీద లాగుడు పడకుండా చిన్న దిండు పెట్టాం. కచేరీలో ఇలా కూర్చోరు, నిజమే. మన అవసరం రోజూ ఇరవై నిమిషాలు నొప్పి లేకుండా వాయించడం.

గోళ్లు ఇంకో చిక్కు. మీటడానికి కుడిచేతి చూపుడు, మధ్య వేళ్లకి కాస్త గోరుండాలి. నర్సు గోళ్లు పెంచకూడదు. "అది మాత్రం కుదరదండీ" అని ముందే తేల్చి చెప్పారు. తీగ ఉంగరాలు, అవే మిజ్రాబులు, తొడిగించాను. మొదట్లో కాస్త లోహపు చప్పుడు వస్తుంది. మీటే కోణం మారిస్తే తగ్గుతుంది.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో నేను ఒకటి గట్టిగా పాటిస్తాను. వీణ తీగ ఎడమచేతి వేళ్ల కొసల్ని కోస్తుంది, గాడి పడుతుంది, కొన్నాళ్లకి కాయ కాస్తుంది. వేలి కొసలకి తిమ్మిరి ఉంటే పుండు పడ్డా తెలియదు, మానడం ఆలస్యం. కాబట్టి వాయించే ముందూ తర్వాతా వేళ్లు వెలుతుర్లో చూసుకోవాలి, పొక్కు కనిపిస్తే ఆరోజుకి ఆపేయాలి, కొబ్బరినూనెలో ముంచిన దూది పక్కన ఉండాలి, గంటసేపు ఒకే బిగిన వద్దు, పొద్దున కాసేపు సాయంత్రం కాసేపు చాలు. సిస్టర్ గారికి నేను ఇదంతా చెప్పక్కర్లేకపోయింది. బీపీ చార్టు పక్కనే వేళ్ల చార్టు రాసుకునేవారు.

మధ్యలో ఎడమ మధ్యవేలు పొద్దున్నే వంగి ఉండిపోయి టక్కున తెరుచుకోవడం మొదలైంది. ట్రిగ్గర్ ఫింగర్ అని ఆవిడే పోల్చుకుని ఎముకల డాక్టరుకి చూపించుకున్నారు. కొన్ని వారాలు ఆ చేతికి విశ్రాంతి ఇమ్మన్నారు. ఇలాంటప్పుడే చాలామందికి పాఠం తెగిపోతుంది. మేము ఆ వారాల్లో కుడిచేతి మీద పడ్డాం. చిటికెన వేలితో తాళం తీగలు మీటుతూ ఆదితాళం, రూపకం నిలకడగా పట్టడం, పైన నోటితో స్వరం చెప్పడం. ఎడమచెయ్యి తిరిగొచ్చేసరికి లయ నాకే ఆశ్చర్యం కలిగేంత బాగుపడింది.

ఇంట్లో, చర్చిలో

కూతురు ఫోన్లో మొదట "ఈ వయసులో ఎందుకమ్మా టెన్షన్" అందట. తర్వాత తను మర్చిపోయిన అలంకారాలు అమ్మ వాయిస్తుంటే వీడియో కాల్లో విని నోటితో కలపడం మొదలెట్టింది. చర్చిలో ఒకరిద్దరు పెద్దలు వీణ సరస్వతీదేవి వాయిద్యం కదా అని సందేహపడ్డారు. సిస్టర్ గారు ఆ విషయం నాతో సూటిగానే చెప్పారు. నేను మా ఇంట్లో దీపం పెట్టుకుంటాను, పాఠం ముందు శ్లోకం చెప్పించడం నా అలవాటు. ఆవిడని చెప్పమని అడగలేదు. ఆవిడ ఆ కాసేపు కళ్లు మూసుకుని తన ప్రార్థన తను చేసుకునేవారు. కరవది నుంచి వచ్చిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం విని పరవశించిన తెలుగువాళ్లం మనం, ఇందులో తలబద్దలు కొట్టుకునేదేమీ లేదనిపించింది.

పిళ్లారి గీతం దగ్గర మాత్రం నేనే ఆగాను. అది గణపతి మీద గీతం. స్వరాలు మాత్రమే వాయించి సాహిత్యం వదిలేయొచ్చని చెప్పాను. "పాఠం పాఠమే టీచరు గారూ. అర్థం చెప్పండి, పాడుకుంటాను" అన్నారు. మలహరి రాగంలో గీతం సాహిత్యంతో సహా నేర్చుకున్నారు. మా క్లాసులో పిల్లలకంటే స్పష్టంగా పలుకుతారు.

ఇప్పుడు ఎక్కడున్నారు

వచ్చి రెండేళ్లు దాటింది. సప్త అలంకారాలు రెండు కాలాల్లో వస్తాయి. గీతాలు అయ్యాయి, వాటి తర్వాతి పాఠం స్వరజతి నడుస్తోంది. బిరడలు తిప్పి శ్రుతి తనే చేసుకుంటారు. ఈ పని మా కాలేజీ పిల్లల్లో కూడా చాలామంది నామీద వదిలేస్తారు. మోహన, శంకరాభరణం, మధ్యమావతి వింటే గుర్తుపడతారు. గుర్తుపట్టే తీరు నాకు చాలా ఇష్టం: "ఇది మా ఫలానా నంబరు కీర్తన వరస కదండీ" అని అంకెతో సహా చెబుతారు. పుస్తకం తీసి చూస్తే చాలావరకు కరెక్టే.

నైట్ డ్యూటీ వారాల్లో సాధన పూర్తిగా పోతుంది. ఆ వారాల్లో కొత్త పాఠం ఇవ్వను, వెనకటివి అడగను. ముందే అనుకుని వదిలేశాం కాబట్టి ఆవిడకి అపరాధభావం ఉండదు. షిఫ్టు మారగానే వస్తారు.

రానివీ ఉన్నాయి. మూడో కాలం రాలేదు. కొన్నాళ్లు ప్రయత్నించాం, వేళ్లు బిగుసుకుంటున్నాయి, మధ్యవేలు మళ్లీ మొరాయిస్తుందేమో అన్న భయం ఆవిడకీ నాకూ ఉంది. ఇక నేను అడగడం లేదు. దాని బదులు మొదటి కాలాన్ని ఇంకా నెమ్మది చేసి, ఒక్కో స్వరం మీద తీగ లాగి గమకం, అంటే స్వరానికి ఊపు, పలికించడం మీద సమయం పెడుతున్నాం. మోహన గాంధారం ఊపు ఇప్పుడు పదిసార్లలో ఆరేడుసార్లు సరిగ్గా పడుతోంది. పడనప్పుడు తనే పట్టుకుంటారు, నేను నోరు తెరిచేలోపే మళ్లీ మీటుతారు. భుజం మీద భారం పడకుండా లాగుడు ఎంతసేపు చేయొచ్చో ఫిజియోథెరపిస్టుని అడగమన్నాను. ఆ జవాబు వచ్చాక స్వరజతి పూర్తిచేసి దాని పై పాఠమైన వర్ణానికి వెళ్లాలా, ముందు ఆవిడ కీర్తనలు ఇంకో రెండు మూడు గమకాలతో సాపు చేయాలా అన్నది ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. ఆవిడ మొగ్గు వర్ణం వైపే ఉంది.